బూడిద ఇటుక

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలలో ఇల్లు కట్టదలచినవారికి ముందుగా గుర్తుకు వచ్చేది ఎర్ర ఇటుక. దానికోసం మన్ను తవ్వాలి, బట్టీలో కాల్చాలి. బూడిద ఇటుకకు ఈ రెండూ అక్కరలేదు.

మన జిల్లాలోని అత్తిపట్టు వద్ద ఉత్తర చెన్నై థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. అక్కడ బొగ్గు మండగా సన్నని బూడిద మిగులుతుంది. అటువంటి బూడిదలో ఇసుక, సున్నం, జిప్సం కలిపి అచ్చు వేస్తారు. నీటితో తడుపుతూ ఉంటే ఇటుక గట్టిపడుతుంది. విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ అనే శాస్త్రజ్ఞులు ఇటువంటి పద్ధతిని ‘ఫాల్-జి’ పేరుతో రూపొందించారు. విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకల తయారీలో బూడిద వాడాలని 1999లో కేంద్రప్రభుత్వం నిబంధన చేసింది.

అయితే నిబంధన ఉన్నంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు. తయారుచేసేవారు మూడు సంగతులు ఆలోచించాలి.

మొదటిది రవాణా. అత్తిపట్టు తూర్పున సముద్రతీరాన ఉన్నది. తిరుత్తణి పడమటి కొసన ఉన్నది. బూడిద చవకైనా లారీ బాడుగ ఇటుక ధరను పెంచుతుంది.

రెండవది నాణ్యత. ఇటుకను 24 గంటలు నానబెట్టి తూచినప్పుడు బరువు 20 శాతానికి మించి పెరగరాదు. 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటరాదన్నమాట.

మూడవది నమ్మకం. మేస్త్రీ ఒప్పుకోనిదే ఇంటి యజమాని కొనడు. ముందుగా ఒక గోడ కట్టి, ఒక వానాకాలం గడిచాక చూపించాలి.

ఈ మూడూ కుదిరినప్పుడే నేలకు మేలుచేసే వస్తువు అంగడిలో నిలుస్తుంది.

ప్రశ్న: తిరుత్తణిలో అమ్మే బూడిద ఇటుకను ఎక్కడ తయారుచేస్తే లాభం? కారణాలు వ్రాయండి.