ఎండ పొద్దు గడవాలంటే

రోహిణి కార్తె మే 25 దగ్గర్లో మొదలవుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. రోళ్లే పగిలితే ఇక మనుషుల మాట చెప్పాలా!

మధ్యాహ్నం రెండు గంటలు. ఆకు కదలదు. పొద్దు జరగదు. ఒళ్లు జిడ్డు, కళ్లు బరువు. ఏ పనీ చేయబుద్ధి కాదు. అయినా మనకు పొయ్యి తప్పదు, నీళ్ల బిందె తప్పదు. కొందరికి కూలి పనీ తప్పదు. ఇలాంటి రోజు గడవడానికి ఖర్చు లేని సుఖాలు కొన్ని ఉన్నాయి. అవి ఉన్నవాళ్లకే అనుకోకండి అక్కలారా.

ముందు కుండ సంగతి. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? మట్టిలో కంటికి కనపడని సన్న రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా నీళ్లు బయటికి ఊరుతాయి. గాలికి ఆవిరవుతాయి. పోతూ పోతూ కుండలోని వేడిని తీసుకుపోతాయి. అందుకే కుండను నీడలో, గాలి తగిలే చోట పెట్టాలి. కింద తడి ఇసుక పోయాలి. కుండకు రంగు పూస్తే రంధ్రాలు మూసుకుపోతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ నీళ్లు సరిగా చల్లబడవు.

అనంతపురం, నల్గొండ వైపు పొడి ఎండ. అక్కడ కుండ బాగా పనిచేస్తుంది. మచిలీపట్నం, కాకినాడ వైపు సముద్రపు తేమ. అక్కడ ఉక్కపోత ఎక్కువ. కుండ నీళ్లు అంతగా చల్లబడవు, చెమటా ఆరదు.

మన ఒళ్లూ కుండ లాంటిదే. చెమట ఊరాలి, ఆరాలి. అప్పుడే ఒళ్లు చల్లబడుతుంది. ఊరాలంటే లోపల నీళ్లు ఉండాలి కదా! కానీ మనం ఏం చేస్తాం? పొలంలో మరుగు లేదని, ఒంటేలుకు పోవాల్సి వస్తుందని పొద్దుటి నుంచి గొంతు తడుపుకోం. ఇది చాలా చెడ్డ అలవాటు. మూత్రంలో మంట, కళ్లు తిరగడం దీనివల్లే వస్తుంటాయి. నలుగురూ కలిసి వెళ్తే చాటు దొరుకుతుంది. చాటు కోసం గట్టు మీద నాలుగు తాటాకులు కట్టించమని రైతును అడగండి. అడగడానికి సిగ్గెందుకు?

కుండలో గుప్పెడు వట్టివేరు వేసి చూడండి. నీళ్లు తాగేముందే ఆ వాసనకు ప్రాణం లేచొస్తుంది. పల్చటి మజ్జిగలో ఉప్పు, కాస్త అల్లం, నిమ్మాకు నలిపి వేయండి. పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ. లేకుంటే రాగి అంబలి. తాటిముంజెలు దొరికినన్నాళ్లు తినండి. చీర కొంగు తడిపి మెడ మీద వేసుకోండి. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లి, నులక మంచం వాల్చండి. నులక సందుల్లోంచి వీపుకు గాలి తగులుతుంది. జడలో నాలుగు మల్లెలు ఉంటే ఇంకేం కావాలి! మల్లెలు దండగ అని మా వీధి అవ్వ అంటుంది. నేను ఒప్పుకోను.

ఒక్క మాట మరిచిపోవద్దు. 2015 మే నెల వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఒళ్లు కాలిపోతుంటే, మాట తడబడుతుంటే, మనిషి పడిపోతే అది వడదెబ్బ. కొందరికి చెమట కూడా ఆగిపోతుంది. అప్పుడు మజ్జిగతో సరిపెట్టకండి. వెంటనే నీడకు చేర్చండి. బట్టలు వదులు చేయండి. ఒళ్లంతా తడిపి విసరండి. స్పృహ లేకుంటే నోట్లో నీళ్లు పోయకూడదు. 108కి ఫోను చేయండి.

చదివి, మాట్లాడుకోండి:
మీ ఇంట్లో మధ్యాహ్నం నీడపట్టున నడుం వాల్చేది ఎవరు?
కుండలో చివరి గ్లాసు నీళ్లు ఎవరికి మిగులుతాయి?
నిన్న మీరు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు? పలక మీద అంకె వేయండి.