తివాచీలు, బండపరుపులు శుభ్రపరచు వృత్తి – యంత్రాల ఎంపిక

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఏ పట్టణానికి పోయినా నేడు రెండు మూడు ఫంక్షన్ హాళ్ళు, ఒక షాదీఖానా, నాలుగైదు టెంట్ హౌసులు, వీధికొక ప్రైవేటు దవాఖానా కనిపిస్తాయి. మసీదులలో ఒకప్పటి చాపల స్థానంలో వరుసలు తీర్చిన సఫ్ తివాచీలు వచ్చినవి. ఇళ్ళలో షాబాదు బండల సరసన నునుపైన టైల్సు చేరినవి. వీటిని శుభ్రపరచవలసిన అవసరం పెరిగినది గాని, ఆ పనిని తెలిసి చేయగలవారు అంతగా పెరగలేదు. పట్టా పుచ్చుకొన్న మన విద్యార్థులలో కొందరు ఈ వృత్తిని చేపట్టదలచి, ఏ యంత్రాలు కొనవలెనో చెప్పుమని అడిగినారు. తెలుగు చెప్పే అధ్యాపకునికి యంత్రాలతో పనియేమని కమిటీ పెద్దలకు తోచవచ్చును. కాని ఈ ప్రశ్నలో యంత్రాల సంగతి సగమే. నేలను, నూలును, నీటిని గుర్తుపట్టుట తక్కిన సగం. ఆ సగం తెలియనివానికి ఎంత ఖరీదైన యంత్రమైనా నష్టాన్నే తెచ్చి పెడుతుంది.

నష్టమన్నప్పుడు అది ఎవరిదో కూడ చెప్పవలెను. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా పథకంలో ‘శిశు’ తరగతి క్రింద 50,000 రూపాయల వరకు హామీ లేకుండ రుణం లభిస్తుంది. హామీ లేదంటే తీర్చనక్కర లేదని అర్థం కాదు. ఆ కొద్ది మొత్తంతో మొదట కొన్న యంత్రం మూలబడితే, రెండవది కొనుటకు చేతిలో ఏమీ మిగలదు, కిస్తీ మాత్రం మిగులుతుంది. అందువల్ల కంపెనీవారి రంగురంగుల పట్టికలను పక్కనబెట్టి, మన కాళ్ళక్రింది నేలతోనే మొదలుపెడదాము.

మన పాత ఇళ్ళలోను, మసీదుల వరండాలలోను, పాఠశాలలలోను పరచినవి చాలవరకు షాబాదు, తాండూరు బండలు. షాబాదు కర్ణాటకలోని కలబురగి జిల్లాలోనిది, తాండూరు నేటి వికారాబాదు జిల్లాలోనిది. పేర్లు వేరైనా రెండూ సున్నపురాళ్ళే. వాడపల్లి, మట్టపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలు కాల్చే రాయి ఏ జాతిదో ఇవీ ఆ జాతివే. సున్నపురాతికి ఆమ్లం పరమశత్రువు. పాయిఖానాలకు వాడే యాసిడ్ దానిపై పడగానే నురుగు పొంగుతుంది. మురికి పొంగి పోతున్నదని చూసేవారు సంతోషిస్తారు గాని, నిజానికి అక్కడ కరుగుతున్నది రాయి. ఒక ఊరి షాదీఖానాలో ఇట్లే మెరుగుపెట్టిన నల్లని బండలు ఒక్క పూటలో బూడిదరంగుకు తిరిగి, మళ్ళీ పాలిషు పట్టించవలసి వచ్చినది. పని చేసిన యువకునికి కూలి రాలేదు సరికదా, పాలిషు ఖర్చు కూడ అతనే పెట్టుకొన్నాడు.

పాలరాయిదీ ఇదే స్వభావం. మొజాయిక్ నేలలో సిమెంటు, పాలరాతి ముక్కలు కలిసి ఉంటాయి గనుక అదీ ఆమ్లానికి లొంగుతుంది. మన గుట్టలలో పుట్టిన గ్రానైటు మాత్రం గట్టిది, మామూలు ఆమ్లాలకు అంత తేలికగా లొంగదు. సిరామిక్ టైలు పైపూతకు కూడ సాధారణంగా హాని ఉండదు. కాని టైలుకు, టైలుకు నడుమ ఉన్న సిమెంటు గీతను ఆమ్లం తినివేస్తుంది. వజూఖానాలలో తెల్లని పొలుసు పోగొట్టుటకు యాసిడ్ పోసి పోసి సందులు గుల్లచేసిన టైల్సును మనము చూస్తూనే ఉన్నాము. అక్కడ ముందుగా సందులను మంచినీటితో తడిపి, పలుచని నిమ్మఉప్పు నీటిని కొద్ది నిమిషాలుంచి, వెంటనే కడిగివేయుట మేలు. నేల ఏ రాయో తెలియనప్పుడు, విరిగి పక్కన పడి ఉన్న ముక్క ఒకటి తీసుకొని దానిపై ఒక్క ఆమ్లపు చుక్క వేసి చూడవలెను. నురిగితే సున్నపు జాతి. పరచిన బండపై మాత్రం ఈ పరీక్ష చేయరాదు. బ్లీచింగును, యాసిడ్‌ను ఒకే బకెట్టులో కలుపుట ఎన్నడూ కూడదు. ఆ కలయికలో పుట్టే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులకు విషం. తలుపులు మూసిన స్నానాల గదిలో ఇది ప్రాణాంతకం.

నేల తరువాత నీరు. నీటి విషయంలో నల్లగొండ పేరు దేశాంతరాలలో కూడ వినబడినదే. నాగపూరులోని నీరీ సంస్థవారు పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు విధానాన్ని రూపొందించగా, దానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు నిలిచినది. తాగే నీటికి ఫ్లోరైడు సమస్య గాని, నేల కడుగుటకు అది అడ్డు కాదు. మన వృత్తికి అడ్డు వచ్చేది కాఠిన్యం. కఠినజలంలో సబ్బు నురగకుండ విరిగిన పాలవలె ముద్ద కడుతుంది. కడిగిన నేలపై నీరు ఆరినచోట లవణాలు తెల్లని చారలుగా మిగులుతాయి. ఎంత రుద్దినా నేల మసకగానే కనబడుతున్నదని యజమాని అంటే, పనివాని తప్పుకంటె బోరునీటి తప్పే ఎక్కువ కావచ్చును. దీనికి విరుగుడు మరింత నీరు పోయుట కాదు. పోసిన నీటిని ఆరనీయకుండ తిరిగి ఎత్తివేయుట. నీటితోపాటు లవణం, మురికి, సబ్బు మూడూ పోతాయి.

ఈ కారణంచేత నా అభిప్రాయంలో మొట్టమొదట కొనవలసినది రుద్దే యంత్రం కాదు, పీల్చే యంత్రం. రుద్దుటకు మనిషి చేయి, కొబ్బరిపీచు, గట్టి బ్రష్షు ఉన్నవి. తివాచీ లోపలి నుండి మురికినీటిని లాగుటకు మాత్రం చేయి చాలదు. ఈ పీల్చే ఆలోచన వెనుక ఒక ముచ్చట ఉన్నది. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఆంగ్ల ఇంజనీరు లండన్‌లో ఒక యంత్ర ప్రదర్శన చూచినాడు. ఆ యంత్రం గాలిని ఊది దుమ్మును లేపేది. ఊదిన దుమ్ము మళ్ళీ అక్కడే పడుతున్నది గదా, దానిని పీల్చరాదా అని ఆయన ప్రశ్న. కుర్చీ మెత్తపై రుమాలు పరచి నోటితో పీల్చి చూడగా రుమాలు అడుగున నల్లని మచ్చ తేలినది. తరువాత ఆయన చేసిన యంత్రం గుర్రపుబండిపై వచ్చి వీధిలో నిలిచేది, పొడవాటి గొట్టాలు మాత్రం ఇంటిలోనికి పోయేవి. మన దేశంలో ఇంటింటికి తిరిగి వాక్యూమ్ క్లీనర్లను అమ్మిన యురేకా ఫోర్బ్స్ సంస్థ 1982లో ఏర్పడినది. కాని అట్టి గృహోపయోగ యంత్రాలలో చాలవాటికి తడి తగలరాదు, నీరు మోటారులోనికి పోతే అంతటితో సరి. మనకు కావలసినది తడిని, పొడిని రెంటినీ పీల్చగల రకం, ముప్పై లీటర్లకు తగ్గని తొట్టి గలది.

దుకాణదారు వాట్ల సంఖ్యను చూపి గొప్ప చెబుతాడు. వాట్లు అది తినే కరెంటుకు కొలత, పీల్చే శక్తికి కాదు. నీటిని ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తుకు లాగగలదో, నిమిషానికి ఎంత గాలిని తీసుకొనగలదో అడుగవలెను. తడి తివాచీ పనికి 2,000 మిల్లీమీటర్లకు తక్కువైనది వద్దని నా సలహా. వీలైతే ఒక బకెట్టు నీరు దుకాణంలోనే పోసి పీల్పించి చూడండి. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

కరెంటు లెక్క మన భౌతికశాస్త్ర విద్యార్థులకు కొత్త కాదు. ఇంటి కరెంటు 230 వోల్టులు. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు 1,380 వాట్లకు మించి మోయదు, 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు 3,680 వాట్ల వరకు మోస్తుంది. పల్లెలలోని పాత ఇళ్ళలో పెద్ద ప్లగ్గు ఉంటే ఒకటి, అదీ వంటింటిలో. రెండు మోటార్ల పీల్చే యంత్రం కొని పనికి పోయినవాడు ఒక మోటారు ఆపుకొని పనిచేయవలసి వస్తుంది. కనుక తొలినాళ్ళలో ఒక్క మోటారు యంత్రమే చాలును. దానితోపాటు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ గల, ఎర్తు వైరుతో కూడిన పొడవాటి తీగను, 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటు ఆపివేసే రక్షణ స్విచ్చును తప్పక కొనవలెను. తడినేలపై నిలబడి విద్యుత్ యంత్రాన్ని పట్టుకొనే వృత్తి ఇది. యంత్రం ఖరీదులో బేరమాడండి గాని ఈ స్విచ్చు దగ్గర ఆడవద్దు.

రెండవ యంత్రం నేలను రుద్దే ఒంటిచక్రపు యంత్రం. 17 అంగుళాల చక్రం, నిమిషానికి 150 నుండి 180 తిరుగుళ్ళు గలది ఫంక్షన్ హాలుకు, బడికి, మసీదుకు సరిపోతుంది. తూకం నలభై కిలోల వరకు ఉంటుంది గనుక ఇద్దరు లేనిదే ఆటోలోనికి ఎక్కదు. అడుగున గుల్లగా పరచిన పాత షాబాదు బండలపై దీనిని నడిపితే అంచులు పగులుతాయి. ముందుగా వేలితో తట్టి చూచి, డొల్ల శబ్దం వచ్చినచోట చేతి బ్రష్షునే వాడవలెను. చక్రానికి బిగించే మెత్తలకు రంగుల భాష ఒకటి ఉన్నది. తెలుపు మెరుగుకు, ఎరుపు రోజువారీ తుడుపుకు, నీలం, ఆకుపచ్చ రుద్దుటకు, నలుపు పాతపూతను గీకుటకు. మెరుగుపెట్టిన సున్నపురాతిపై నల్లమెత్త వేస్తే ఆమ్లం చేసిన పనినే అది గీతలతో చేస్తుంది.

ఇక తివాచీలు. ఇక్కడ మన ప్రాంతపు మురికి ఎట్టిదో గుర్తుంచుకొనవలెను. ఇది చల్కా నేలల సీమ. తివాచీలో ఉండేది ప్రధానంగా ఎర్రని పొడిదుమ్ము. ముందే తడిపితే అది బురదయై దారాల మొదళ్ళలోనికి దిగి కూర్చుంటుంది. తిరగవేసి తట్టుట, పొడిగా పీల్చుట పూర్తియైన తరువాతనే నీటి మాట. తరువాత నూలు ఏదో చూడవలెను. అంచు నుండి ఒక పోగు లాగి కాల్చితే, కాగితం కాలిన వాసన, మెత్తని బూడిద వస్తే పత్తి. వెంట్రుక కాలిన వాసన వస్తే ఉన్ని. కరగి గట్టి పూసయైతే కృత్రిమ నూలు. కొత్త సఫ్‌లు, టెంట్ హౌసు తివాచీలు చాలవరకు మూడవ రకం. అవి నీటిని అంతగా తాగవు, త్వరగా ఆరుతాయి, కొత్తవానికి ఇవే మంచి గురువులు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్లు జంపఖానాలు పత్తివి. తడిసి బరువెక్కుతాయి, కుదించుకొంటాయి, కొన్నిటి రంగు దిగుతుంది. తడిగుడ్డను మూలన ఐదు నిమిషాలు అదిమి, రంగు అంటుతున్నదేమో చూడనిదే పని ఒప్పుకొనరాదు. ఏలూరు ఉన్ని తివాచీవంటిది ఎవరి ఇంటనైనా తటస్థిస్తే చాకలి సోడా దాని దరికి రానీయకండి, క్షారం ఉన్నిని చెరుస్తుంది.

పెండ్లి తివాచీల మీద పసుపు మరక విచిత్రమైనది. సబ్బు తగలగానే ఎర్రబారుతుంది. కొత్తవాడు దడిసి మరింత రుద్దుతాడు. పసుపులోని రంగుపదార్థం క్షారంలో ఎరుపుకు తిరుగుట దాని సహజగుణం. సబ్బు పోయేటట్లు కడిగి ఎండలో వేస్తే సూర్యకాంతికి ఆ రంగు చాలవరకు పాలిపోతుంది. మన ఎండలు ఈ వృత్తికి ఉచితంగా దొరికిన యంత్రం. వానకాలంలో మాత్రం ఆరబెట్టుటకు నేలబారున గాలి విసిరే బ్లోయరు అద్దెకైనా తెచ్చుకొనవలెను. తడి తివాచీని చుట్టగా కట్టి ఉంచితే ముక్కవాసన పట్టి, కడగక ముందే నయమనిపిస్తుంది.

నీటిని జిమ్మి వెంటనే పీల్చే తివాచీ యంత్రం మంచిదే గాని, అది మూడవ మెట్టు. అధిక పీడనపు నీటి యంత్రం నిమిషానికి ఏడు లీటర్లు వాడుతుందనుకొంటే, ఇరవై లీటర్ల బకెట్టు మూడు నిమిషాలు రాదు, గంటకు 420 లీటర్లు పోవును. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూచే ఇంటివద్ద దానిని ఎట్లు తెరువగలము? పైగా దాని ధార పాత బండల సందులను తోడివేస్తుంది. అమెరికాలో బండిపైనే యంత్రం బిగించి, వేడినీటితో తివాచీలు కడుగుతారు. బూత్ గుర్రపుబండి సంతతి అది. అక్కడ గోడ నుండి గోడకు తివాచీ అంటించి ఉంటుంది గనుక అది చెల్లుతుంది. ఎత్తి మేడపై ఆరవేయదగిన మన తివాచీలకు ఆ ఖర్చు అక్కరలేదు.

కొనేముందు కాగితంపై ఒక చిన్న గుణకారం చేయండి. యంత్రం 60,000 రూపాయలదనుకొందాము. ఏడాదికి వంద రోజులు, మూడేండ్లు పని దొరికితే రోజుకు 200 రూపాయలు యంత్రం తినును. నలభై రోజులే దొరికితే 500 తినును. రంజాన్‌కు ముందు, ఉర్సు రోజులలో, పెండ్లి ముహూర్తాలలో పని ఉక్కిరిబిక్కిరిగా వచ్చి, ఆషాఢంలో అడిగేవారుండరు. అందుచేత ఏడాది పొడుగునా పనినిచ్చే దవాఖానాలు, బడులతో ముందుగా మాట్లాడి, ఒప్పుకొన్న పనిదినాలను బట్టి యంత్రం పరిమాణాన్ని నిర్ణయించవలెను. నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా హైదరాబాదు దాదాపు వంద కిలోమీటర్లు. కార్బన్ బ్రష్షులు, ఫిల్టరు, గొట్టం, రబ్బరు పట్టీ అక్కడైనా వెంటనే దొరకుతాయా అని విచారించి, రెండేసి జతలు యంత్రంతోపాటే తెచ్చుకొనవలెను. వాడిన యంత్రం చవుకగా వస్తే తీసుకొనవచ్చును, అయితే అరగంట నడిపి మోటారు వేడిని, వాసనను చూచిన తరువాతనే.

పనికి పోయినప్పుడు నేల ఏ రాయో, ముందే ఉన్న పగుళ్ళు, మరకలు ఎక్కడెక్కడో ఒక నోటుపుస్తకంలో వ్రాసి యజమాని సంతకం తీసుకొనండి. సాయంత్రం ఇంటికి రాగానే తొట్టిలోని నీటిని పారబోసి, ఫిల్టరును విప్పి కడిగి, మూత తెరచి నీడలో ఆరబెట్టండి.