మరలోని మర్మము

తలవెండ్రుక యెంత లావుండునని యడిగినచో మీరు కొలబద్దను తెచ్చెదరు. బద్దపై మిక్కిలి చిన్న గీటు ఒక మిల్లీమీటరు. వెండ్రుక యంతకంటె నెంతో సన్నము. కావున దీనికి బద్ద చాలదు, మర కావలయును.

1848వ సంవత్సరమున పారిసు నగరమందలి పామర్ అనునతడు మరతో కొలుచు నొక చిన్న పరికరమునకు ఫ్రాన్సు దేశమున పేటెంటు పొందెను. మన ప్రయోగశాలలోని స్క్రూ గేజి దాని సంతతియే. దాని కీలకమంతయు మరయందును, దానితో తిరుగు చిన్న గొట్టమునందును గలదు. మర యొక చుట్టు తిరిగిన నొక మిల్లీమీటరు జరుగుననుకొందము. గొట్టపు అంచును నూరు సమభాగములు చేసినచో, ఒక్క భాగము తిరిగినపుడు మర మిల్లీమీటరులో నూరవవంతే జరుగును. కంటి కానరాని దూరమును కంటి కగపడు తిరుగుడుగా మార్చుటయే యిందలి యుపాయము.

పేటెంటనగా రహస్యమును దాచుటయని కొంద రెంచుదురు. అది పొరపాటు. కనిపెట్టినవాడు తన పని నంతయు విప్పి వ్రాసి యీయవలెను. అందులకు బదులుగా కొన్నియేండ్లు హక్కు పొందును. మన దేశమున నేడా గడువు 20 ఏండ్లు. పిమ్మట నది యందరి సొత్తు. 1867వ సంవత్సరపు పారిసు ప్రదర్శనమున అమెరికావారగు బ్రౌన్, షార్ప్ అనువారు పామర్ పరికరమును చూచి, దానిని మెరుగుపరచి తమ దేశమున తయారుచేసిరి. క్రమముగా నది లోకమందలి కర్మాగారములకు వ్యాపించెను. మన నారాయణగూడకు చేరువనున్న కవాడిగూడలో యంత్రములను చేసిన ప్రాగా టూల్స్ 1943లో స్థాపింపబడినది. అట్టి చోట్ల ఒక భాగము వేరొకదానిలో సరిగా నిముడుటకు ఇట్టి సూక్ష్మమైన కొలతయే యాధారము.

ఒకనాడు మా తరగతిలో నొక బాలుడు గేజిని మూసి చూడగా సున్నకు బదులు 3వ గీటు కనబడెను. తప్పు తనదేయని వెఱచి యతడు సున్నయనియే వ్రాసెను. పిదప తీగ మందము 1.24 మిల్లీమీటర్లని తేల్చెను. ఆ మూడు గీట్లను, అనగా 0.03ను, తీసివేసిన నిజమైన మందము 1.21 మాత్రమే. పరికరమున దోషముండుట బాలుని తప్పుగాదు. దానిని దాచుటయే తప్పు. చెప్పినచో దిద్దుకొనుట యొక్క తీసివేతతో సరిపోవును.

పామర్ తన మర్మమును వ్రాసియిచ్చుటచేతనే లోకము బాగుపడెను. మీరును గేజి చూపినదానినే వ్రాయుడు. మొదట సున్నను పరీక్షింపుడు, పిమ్మట వస్తువును కొలువుడు.