తగ్గింపు ఎంతవరకు? లాడ్ బజార్ లెక్కకు ఒక మీట

చార్మినార్‌కు పడమర, లాడ్ బజార్‌లో లక్క గాజుల ధర బేరంలోనే తేలుతుంది. కరిగిన లక్కను గాజుగా చుట్టి, రాళ్లను ఒక్కొక్కటిగా చేత్తో పొదిగే ఈ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పండక్కో పెళ్లిళ్లకో తగ్గింపు ఇస్తే చివరికి ఎంత మిగులుతుంది? డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో తయారుచేసిన రిపోర్టులో ఒక మీట జరిపి ఆ జవాబు చూడవచ్చు. ఆ మీటనే న్యూమరిక్ పారామీటర్ అంటారు. ఉదాహరణకు ఒక దుకాణాన్ని అనుకుందాం. సెట్టు అమ్మకం ధర 300 రూపాయలు, కొన్న ఖరీదు 210, నెలకు 40 సెట్లు.

ఈ రిపోర్టుకు ముడిసరుకు, అమ్మకాల పట్టిక. ఎక్సెల్‌లో తేదీ, రకం, సెట్లు, ధర, ఖరీదు అని ఐదు నిలువు వరుసలు చాలు. విండోస్ కంప్యూటర్‌లో పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితంగానే దొరుకుతుంది. 'గెట్ డేటా' నొక్కి ఆ ఫైలును లోపలికి తెచ్చుకుంటాం. ధర పక్కన ఎవరైనా 'రూ.' అని టైపు చేసి ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని అంకెగా కాక అక్షరంగా చదువుతుంది, కూడిక కుదరదు. పవర్ బీఐలోనే ఉండే పవర్ క్వెరీలో ఆ అక్షరాలు తీసేసి, ఆ నిలువు వరుసను సంఖ్యగా మారుస్తాం.

తర్వాతి పని హద్దులు నిర్ణయించడం. నేర్పు కనిపించేది ఇక్కడే. 300కు 30 శాతం తగ్గిస్తే 210, అంటే లాభం సున్నా. అక్కడే ఆపేస్తే యజమానికి నష్టం ఎలా ఉంటుందో కనబడదు. అందుకే అనుభవజ్ఞులు కాస్త అవతలికి వెళ్లి గరిష్ఠం 35 పెడతారు. కనిష్ఠం 0, ఒక్కో అడుగు 1, మొదట కనిపించే విలువ 10.

ఇప్పుడు 'మోడలింగ్' ట్యాబ్‌లో 'న్యూ పారామీటర్', అందులో 'న్యూమరిక్ రేంజ్' ఎంచుకుంటాం. తెరుచుకున్న పెట్టెలో పేరు 'తగ్గింపు', రకం పూర్ణసంఖ్య, ఆపైన మనం అనుకున్న నాలుగు అంకెలు. అర శాతం తగ్గింపులు కూడా కావాలంటే దశాంశ రకం తీసుకోవాలి. ఒక పారామీటర్ 1,000 విలువలను మించి పట్టదు. మనకు కావలసినవి 36 మాత్రమే. పేజీకి స్లైసర్ (మీట) చేర్చే గడిలో టిక్కు ఉంచి 'క్రియేట్' నొక్కితే మీట తెరమీదికి వస్తుంది. ఇదంతా రెండు నిమిషాల పని.

తెర వెనుక పుట్టినవి రెండు. ఒకటి, జెనరేట్‌సిరీస్(0, 35, 1) అనే సూత్రంతో వచ్చిన ఒకే నిలువు వరుస ఉన్న పట్టిక. రెండోది, మీట ఏ అంకె మీద ఉందో చెప్పే మెజర్, అంటే చూసినప్పుడల్లా అప్పటికప్పుడు లెక్క కట్టే సూత్రం. ఆ పట్టికకు అమ్మకాల పట్టికతో బంధం కలపకూడదు. విడిగా ఉంటేనే మీట జరిపినప్పుడు అమ్మకాల అడ్డ వరుసలేవీ వడపోతలో పోవు.

మీట ఒక్కటే ఉంటే ఏమీ కదలదు, దాన్ని లెక్కకు ముడివేయాలి. సెట్లను ధరతో గుణించి కూడి, ఆ మొత్తాన్ని (1 - తగ్గింపు/100)తో గుణిస్తాం. అందులోంచి సెట్ల మొత్తం ఖరీదు తీసేస్తే లాభం. ఈ సూత్రాన్ని కూడా మెజర్‌గానే రాయాలి. పట్టికలో లెక్కించిన నిలువు వరుసగా రాస్తే అది డేటా రిఫ్రెష్ అయినప్పుడే తేలి, మీట ఎంత జరిపినా మొదటి అంకె దగ్గరే నిలిచిపోతుంది.

ఇక పరీక్ష. కాగితం మీద వేసుకున్న లెక్కతో తెరమీది అంకె సరిపోవాలి. 0 దగ్గర లాభం 3,600. 10 దగ్గర 2,400. 20 దగ్గర 1,200. 30 దగ్గర సున్నా, 35 దగ్గర 600 నష్టం. ఈ ఐదూ కుదిరితే సూత్రం సరైనట్టే.

ధర తగ్గితే గిరాకీ పెరుగుతుంది కదా? అందుకు 'అమ్మకాల పెరుగుదల' పేరుతో రెండో మీట కడతాం: 0 నుంచి 200 శాతం, అడుగు 5. రాబడినీ ఖరీదునూ రెండింటినీ (1 + పెరుగుదల/100)తో గుణించాలి. ఖరీదును వదిలేస్తే లేని లాభం కనబడుతుంది. ఇప్పుడు రెండు మీటలూ కలిపి జరిపితే అసలు సంగతి బయటపడుతుంది. 10 శాతం తగ్గించి పాత లాభం 3,600 నిలుపుకోవాలంటే 40 బదులు 60 సెట్లు అమ్మాలి. 20 శాతం తగ్గిస్తే సెట్టుకు మిగిలేది 30 రూపాయలే, అమ్మాల్సినవి 120. అంటే 20 శాతం తగ్గింపుకు అమ్మకాలు పాత 40కి మూడింతలు కావాలి. 'ఇంకో పది తగ్గించు' అన్న బేరానికి దుకాణదారు ఏం చెల్లిస్తున్నాడో ఈ రెండు మీటలూ స్పష్టంగా చూపుతాయి.

దుకాణంలో ఒకే కంప్యూటర్ ఉంటే ఫైలు అక్కడే తెరుచుకోవచ్చు, ఖర్చు లేదు. ఆన్‌లైన్‌లో నలుగురికీ పంచాలంటే మామూలుగా చూసే ప్రతివారికీ ప్రో లైసెన్స్ ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి దాని జాబితా ధర నెలకు 14 డాలర్లు.

సరుకు ఖరీదు మారితే ఎక్సెల్‌లో దిద్ది 'రిఫ్రెష్' నొక్కితే సరి, లాభం తనంతట తానే మారుతుంది. మీట హద్దులు మాత్రం వాటంతట అవే మారవు. సెట్టు ఖరీదు 225కు చేరితే లాభం 25 శాతం దగ్గరే ఆవిరవుతుంది. అప్పుడు జెనరేట్‌సిరీస్‌లో 35 తీసి 30 వేయాలి. ఖరీదు మారిన ప్రతిసారీ ఆ ఒక్క అంకెను సరిచూసుకుంటే, గల్లా దగ్గర ఇచ్చే ప్రతి తగ్గింపూ తెలిసి ఇచ్చిందే అవుతుంది.