బాత్‌రూమ్ నేల చిట్లితే మొత్తం తవ్వాలా?

ప్రశ్న: నల్లకుంటలో పాత అపార్ట్‌మెంట్ మాది. షవర్ కింద టైల్స్ చిట్లాయి, కింది ఫ్లాట్ సీలింగ్‌కి చెమ్మ దిగుతోంది. మేస్త్రీ అంతా తవ్వాలంటున్నాడు. తప్పదా?

జవాబు: ముందు నీరు ఎటునుంచి దిగుతోందో తేల్చండి. నేల నీరు బయటికి పోయే నహానీ ట్రాప్ మూతిలో గుడ్డ గట్టిగా కుక్కి, గడప దాటకుండా అంగుళం నీరు 24 గంటలు నిలపండి. చెమ్మ పెరిగితే లోపం నేలది. గుడ్డ తీసి నీరు వదిలాకే పెరిగితే ట్రాప్ అతుకుది. బాత్‌రూమ్ కొన్ని వారాలు వాడకపోయినా చెమ్మ తగ్గకపోతే పైపును అనుమానించాలి, అప్పుడు నేలకు ఏం పూసినా దండగే. నేలదే అయితే దోషం ఎక్కువగా టైల్స్ మధ్య సందుల్లో ఉంటుంది. మనం మరకలు పోవడానికి పోసే యాసిడ్ ఆ సందుల్లో నింపిన సిమెంటు గ్రౌట్‌ను తినేస్తుంది. అందుకే తెల్లసిమెంటు మళ్లీ రుద్దించడం నాకు నచ్చదు. పాత గ్రౌట్ గీకి, నేలను రెండు మూడు రోజులు బాగా ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌట్ నింపించండి. సన్నని పగుళ్లకు పల్చని ఎపాక్సీ చాలు. తట్టితే డొల్లగా మోగే టైల్‌ను మాత్రం మార్చాల్సిందే.

పైపూత ఎన్నాళ్లుంటుందని మేస్త్రీ అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే, కానీ జవాబు వెంటనే తేలదు. టైల్స్ కింద నింపిన ఇటుకముక్కల్లో చేరిన నీరు రిపేరు తర్వాతా కొన్ని వారాలు దిగుతుంది కాబట్టి, మర్నాడే పని చెడిందని తేల్చేయకండి. కింది స్లాబు పెచ్చులూడి తుప్పు చువ్వలు కనిపిస్తుంటే మాత్రం మేస్త్రీ మాటే వినండి.