నీటిని విడదీయు వెలుగు

తొమ్మిదవ తరగతిలో మేము నీటిని విడదీసి చూపు ప్రయోగమును మీలో పెక్కురు చూచియే యుందురు. నీటిలో కొంచెము గంధకామ్లము కలిపి, రెండు లోహపు రేకుల నుంచి, బ్యాటరీ తీగెలను తగిలింపగనే బుడగలు లేచును. ఒక గొట్టమున ఉదజనియు, రెండవదానియందు అందులో సగము ఆమ్లజనియు చేరును. నిరుడు ఒక బాలుడు “అయ్యా, బ్యాటరీ లేకుండ ఎండచేతనే ఈ బుడగలు రప్పింపరాదా?” యని యడిగెను. అంతలో గంట కొట్టుటచే మేము సరిగా బదులు చెప్పలేకపోతిమి. ఆ బదులే యీ వ్యాసము.

ఈ ప్రశ్న మిక్కిలి పాతది. ఇటలీ దేశమున బొలోన్యాలో రసాయనాచార్యుడైన జాకొమో చమీచన్ 1912లో న్యూయార్కు నగరమున ఉపన్యసించుచు, బొగ్గనగా పూర్వయుగముల సూర్యకాంతి నిలువయే గనుక, ఆ నిలువను కరగించుటకంటె దినదినము పడు వెలుగునే వాడుకొన నేర్వవలెనని చెప్పెను. దారి మాత్ర మప్పటి కెవరికిని దొరకలేదు.

1967లో టోకియో విశ్వవిద్యాలయమున కెనిచి హోండాగారి శిష్యుడు అకిరా ఫుజిషిమా, టైటానియము భస్మమను పదార్థపు స్ఫటికమును నీటిలో నుంచి, తీగెతో ప్లాటినపు రేకునకు కలిపి, దానిపై గట్టి వెలుగు ప్రసరింపజేసెను. స్ఫటికమునుండి ఆమ్లజని బుడగలును, ప్లాటినమునుండి ఉదజనియు వెలువడెను. అంతకంటె వింత యేమన, స్ఫటికము కరగలేదు. జింకు భస్మము వంటివి వెలుగు తగిలినప్పుడు తామే నీటిలో కరగిపోవుచుండెడివి. విద్యుద్రసాయన శాస్త్రజ్ఞులు మొదట ఆ యువకుని మాట నమ్మరైరి. 1972లో ‘నేచర్’ పత్రికలో వ్యాసము వెలువడెను. మరుసటి సంవత్సరమే చమురు ధరలు మండిపోవుటచే లోకమంతయు దానివైపు తిరిగెను.

ఇది యెట్లు జరుగునో మన పొలముల యేతముతో పోల్చి చెప్పెదము. స్ఫటికములోని ఎలక్ట్రాను నూతి నీరు. వెలుగు ఏతము లాగువాడు. బాన గట్టుపైకి వచ్చినగాని నీరు కాలువలో పడదు. సగము లోతువరకే లాగగలవాడు వేయి మారులు లాగినను కాలువ తడియదు. అట్లే ఎఱ్ఱని వెలుగు ఎంత మెండుగా పడినను ఈ స్ఫటికమున ఎలక్ట్రానును పైకెత్తజాలదు. దీని నూతిలోతు ఇంచుమించు 3 ఎలక్ట్రాను వోల్టులు. అంత లాగగలవి కంటికి కనబడని అతినీలలోహిత కిరణములే. ఎండలో నవి నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే! పైకివచ్చిన ఎలక్ట్రాను ప్లాటినమును చేరి ఉదజనిని విడిపించును. అది విడిచిన ఖాళీ, నీటినుండి వేరొక ఎలక్ట్రానును లాగికొని ఆమ్లజనిని విడిపించును. నడుమ బాన తొణికినట్లు కొన్ని ఎలక్ట్రానులు తిరిగి నూతిలోనే పడిపోవును. అదియొక పెద్ద నష్టము.

లెక్క దాచిపెట్టుట మాకిష్టము లేదు. జపానులో కజునారి డోమెన్ గారును సహచరులును స్ట్రాన్షియము టైటనేటు పొడిని పలకలపై పూసి, 100 చదరపు మీటర్ల మేర ఎండలో పరచి, 2021లో ఫలితములు ప్రకటించిరి. రెండు వాయువులును కలసియే వచ్చును. ఆ మిశ్రమము నిప్పురవ్వ తగిలిన ప్రేలును గనుక, పలుచని పొరగుండ ఉదజనిని వేరుచేసిరి. ఇంత శ్రమకు ఫలము? ఎండలోని శక్తిలో మిక్కిలి యెక్కువగా దక్కినది నూటికి 0.76 వంతు. ఇండ్లపై నమర్చు సోలారు పలకలు నూటికి ఇరువది వంతుల వరకు విద్యుత్తుగా మార్చుచున్నవి. ఆ విద్యుత్తుతోనే నీటిని విడదీయుట నేటికి లాభము. అయినను పొడి పూసిన పలక కట్టుబాటున సులభమైనది గనుక, కంటికి కనబడు వెలుగును గూడ పట్టగల పదార్థములకై వెదకుట మానలేదు.

ఈ టైటానియము మనకు దూరపుది గాదు. భీమునిపట్నపు తీరమున కనబడు నల్లయిసుకలో ఇల్మెనైటు అను ఖనిజరూపమున నిదియే గలదు. గోడల తెల్లరంగులో నున్నదియు నిదియే. ఆ రంగులు కొన్ని ఏండ్లతరబడి ఎండలో నుండి సుద్దవలె చేతికంటుట కొక కారణము, ఈ స్ఫటికము వెలుగున తన చుట్టునున్న జిగురును చీల్చుటయే.

ప్రశ్న యడిగిన బాలుడు ఈ సెలవులలో ఆ యిసుక తెచ్చి నీటిలో వేసి ఎండలో నుంచెదనని మాతో చెప్పెను. అందు ఇనుము కలసియున్నది, బుడగలు రావని చెప్పితిమి. అయినను ఒక సీసాడు తెమ్మంటిమి. అయస్కాంత పాఠమునకు పనికివచ్చును.