రష్యన్ సలాడ్ ముద్దవుతోందా?

ప్రశ్న: రష్యన్ సలాడ్ చేసిన ప్రతిసారీ బంగాళాదుంపలు చిదికిపోతున్నాయి, అడుగున నీళ్లు ఊరుతున్నాయి. తప్పెక్కడ?

జవాబు: దుంపల్ని చెక్కు తీసి, ముక్కలు కోసి ఉడికిస్తున్నారేమో. అలాగైతే ముక్క నీళ్లు పీల్చేస్తుంది. తొక్కతోనే, చన్నీళ్లలో వేసి, సన్నని మంట మీద ఉడికించండి. చాకు మొన గుచ్చితే మెత్తగా దిగుతూనే కాస్త పట్టు తగలాలి, అప్పుడే దించేయండి. తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. నా మట్టుకు కిటుకంతా ఇక్కడే ఉంది. రష్యాలో కొత్త సంవత్సరం విందుకి దీన్ని చేసే ఇళ్లలో చాలామంది ముందురోజే ఉడికించి పెట్టుకుంటారు. చల్లారిన దుంప గట్టిపడి, చాకు కింద అంచులు చెదరకుండా తెగుతుంది. ముక్క బఠాణీ గింజంత ఉంటే చాలు.

నీళ్లు ఎక్కువగా ఊరవేసిన దోసకాయ నుంచే వస్తాయి. ముక్కలు కోశాక గట్టిగా పిండండి. డబ్బా బఠాణీని జల్లెడలో వార్చండి. 4 దుంపలకు 2 క్యారెట్లు, 4 ఉడికిన గుడ్లు, 3 చిన్న దోసకాయలు సరిపోతాయి. మాంసాహారులు ఉడికిన కోడిమాంసం వేసుకోవచ్చు. 1860ల్లో మాస్కోలోని ఎర్మితాజ్ రెస్టారెంట్‌లో లూసియన్ ఒలివియే దీన్ని మొదలుపెట్టినప్పుడు వేటపక్షి మాంసమే వేసేవాడు. రష్యన్లు ఇప్పటికీ దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

మయొనైజ్ మాత్రం వడ్డించే ముందే, గరిటెతో కింది నుంచి పైకి తిప్పుతూ కలపండి.